నవంబరు 26న సన్మానం పెట్టే ముందు

శాలువా, దండ, జ్ఞాపిక, ఒక గ్రూపు ఫొటో. రాజ్యాంగ దినోత్సవానికి ఇంతే చాలనుకుంటే ఇక్కడితో ఆపేయండి, మీకు టెంటు హౌసు కుర్రాడు ఒక్కడు చాలు. దేశం పుట్టిన కథను బొమ్మ గీసినవాళ్లని, వెతికి రాసినవాళ్లని, ఆడి చూపించినవాళ్లని మన ఊళ్లో గౌరవించాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు తెనాలిలో ఒక చిన్న సంఘం తరఫున ఏటా ఈ కార్యక్రమం చూసుకుంటున్నాను. నాకు అర్థమైందేమిటంటే, వాళ్ల పని జనం కంటపడాలి, ఆ పని మీద వాళ్ల పేరుండాలి. డబ్బు సంగతి తర్వాత వివరంగా చెబుతాను.

ఎవరిని పిలవాలి

కమిటీ మీటింగులో ఈ ప్రశ్న వేస్తే పోయినేడు పిలిచిన పేర్లే మళ్లీ వస్తాయి. అందుకే నేను ముందు రాజ్యాంగం అసలు ప్రతి గురించి చెబుతాను. ఆ పుస్తకాన్ని అచ్చులో కూర్చలేదు, చేత్తో రాశారు. ఇంగ్లిషు ప్రతి మొత్తం ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా దస్తూరి. ఆరు నెలలు పట్టింది. బొమ్మల బాధ్యత శాంతినికేతన్ కళాభవన్‌కు చెందిన నందలాల్ బోస్‌ది, చేతులు కలిపింది ఆయన శిష్యులు. ప్రవేశిక పేజీ అలంకరణ జబల్‌పూర్‌కు చెందిన బ్యోహార్ రామ్‌మనోహర్ సిన్హాది. సింహాల చిహ్నం వేసింది దీనానాథ్ భార్గవ. సింహాలు ఎలా కూర్చుంటాయో, ఎలా చూస్తాయో తెలుసుకోవడానికి ఆయన కలకత్తా జూకి వెళ్లి చూసేవారని కుటుంబసభ్యులు చెప్పేవారు. హిందీ ప్రతి రాసింది వసంత కృష్ణ వైద్య. ఇదంతా విన్నాక కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "మరి మన ఊళ్లో సైన్‌బోర్డులు రాసే ఆయన దస్తూరి కూడా బాగుంటుంది కదండీ!"

అదిగో, అక్కణ్ణుంచి జాబితా మొదలుపెట్టండి. ఫ్లెక్సీలు వచ్చాక పనిపోయిన బోర్డు ఆర్టిస్టు, పాతికేళ్లుగా ఊరి స్వాతంత్ర్య సమరయోధుల వివరాలు నోటుపుస్తకాల్లో రాసుకుంటున్న రిటైర్డు వీఆర్వో, బుర్రకథ దళం, విగ్రహాలు పోతపోసే శిల్పి. ఒక ఏటికి ఇద్దరు చాలు. పదిమందిని పిలిస్తే ఎవరి పనీ చూపించలేం, పదిసార్లు చప్పట్లు కొట్టి ఇళ్లకు పోతాం.

పని గోడ మీదికి రావాలి

సభకు వచ్చినవాళ్లు కుర్చీల్లో కూర్చునే ముందు ఏదో ఒకటి చూసి ఉండాలి. రాజ్యాంగం అసలు ప్రతి స్కాన్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. 22 భాగాలకు 22 తలకట్టు బొమ్మలు. ఆ పేజీలను ఏ3 సైజులో కలర్ ప్రింటు తీయించి, పురికొస కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీయండి. లామినేషన్ వద్దు, ట్యూబులైటు వెలుతురు దాని మీద పడి ఏమీ కనపడదు. మొదటి భాగానికి మొహెంజొదారో ఎద్దు ముద్ర, ప్రాథమిక హక్కులకు సీతారామలక్ష్మణులు, ఆదేశిక సూత్రాలకు కృష్ణార్జునులు. తర్వాత బుద్ధుడు, అశోకుడు, అక్బరు, టిప్పు, ఝాన్సీ లక్ష్మీబాయి, దండి యాత్రలో గాంధీ, నౌఖాలీలో గాంధీ, నేతాజీ. చివరికి కొండలు, ఎడారి, సముద్రం. కింద చీటీ తెలుగులో, రెండు వాక్యాలు మించకుండా, నిలబడి చదివేంత అక్షరాల్లో. ఈ బొమ్మలు ఎందుకు ఎంచుకున్నారని పిల్లలు అడుగుతారు, పెద్దవాళ్లు వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి. ప్రదర్శన పెట్టింది అందుకే.

వాటి పక్కనే మీరు సన్మానించే ఆర్టిస్టు పని పెట్టండి. నందలాల్ బోస్ పక్కన మా బోర్డు ఆర్టిస్టు ప్రవేశికను తెలుగులో రాసి పెడితే, ఆయన మనవరాలు ఫొటో తీసి బంధువులందరికీ పంపింది. బతికున్న ఆర్టిస్టు బొమ్మను కరపత్రం మీదో, బ్యానర్ మీదో వాడుకోవాలంటే మాత్రం ముందు అడగాలి, అడిగి పేరు వేయాలి. మన ఊరివాడే కదా అని చనువు తీసుకోవద్దు.

విగ్రహం దిమ్మె మీద ఎవరి పేరు?

ఇది నా పట్టుదల, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. మన దేశపు పుట్టుక ఎక్కువమందికి కనపడేది పుస్తకంలో కాదు, కూడలిలో. పార్లమెంటు ఆవరణలో బి.వి. వాఘ్ చేసిన అంబేడ్కర్ కాంస్య విగ్రహాన్ని 1967లో రాష్ట్రపతి రాధాకృష్ణన్ ఆవిష్కరించారు. చెయ్యి చాచి వేలు చూపించే ఆ భంగిమ మనం ఏ ఊరు వెళ్లినా కనపడుతుంది. హైదరాబాద్‌లో 2023లో ఆవిష్కరించిన 125 అడుగుల విగ్రహం రామ్ వి. సుతార్ రూపకల్పన. ఆయన పేరు పేపర్లలోనైనా వచ్చింది. మన మండల కేంద్రంలో విగ్రహం దగ్గరికి వెళ్లి శిలాఫలకం చదవండి. ఆవిష్కరించినవారు, అధ్యక్షత వహించినవారు, విశిష్ట అతిథులు, దాతలు ఉంటారు. చేసినవాడు ఉండడు.

తెనాలి శిల్పుల చేతుల్లోంచి వెళ్లిన గాంధీలు, అంబేడ్కర్లు, అల్లూరులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఒకాయన్ని అడిగాను, "మీ పేరెక్కడా కనపడదేం బాబాయ్?" అని. "బిల్లు మీద ఉంటుంది టీచరుగారూ," అన్నాడు నవ్వుతూ.

రాజ్యాంగం రాయడానికి ఎంత తీసుకుంటారని నెహ్రూ అడిగితే రాయ్‌జాదా పైసా వద్దన్నారు. ప్రతి పేజీలో తన పేరు, చివరి పేజీలో తన పేరుతోపాటు తాతగారి పేరు రాసుకోనివ్వమన్నారు. రాయనిచ్చారు. అంత పెద్ద పుస్తకానికి లేని అభ్యంతరం మన దిమ్మెకు ఎందుకు?

పని ఇలా చేయండి. విగ్రహం ఏ సంఘం పెట్టిందో వాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి. అంబేడ్కర్ విగ్రహమైతే ఆ పేట యువజన సంఘాన్ని అడగకుండా చెయ్యి వేయకూడదు; అడిగితే వాళ్లే నిచ్చెన తెస్తారు. స్థలం పంచాయతీదో మునిసిపాలిటీదో అయితే ఒక కాగితం పెట్టుకోండి. అరచేతి వెడల్పు స్టీలు పలక, "శిల్పి" అని పేరు, ఊరు, సంవత్సరం, అంతే. పలక చేయించిన సంఘం పేరు దాని మీద వేయొద్దు. మీ పేరు కూడా. దిమ్మెకు పక్కవైపు స్క్రూలతో బిగించండి, విగ్రహానికి డ్రిల్లు తగలకూడదు. పలక బిగించేటప్పుడు ఆ శిల్పినీ, ఆయన ఇంట్లోవాళ్లనీ పిలవండి.

సన్మాన పత్రం

"బహుముఖ ప్రజ్ఞాశాలి, కళాతపస్వి, సరస్వతీపుత్ర" వరుస కొట్టేయండి. ఆ పత్రంలో పేరు మారిస్తే ఇంకెవరికైనా సరిపోతుందా అని చూసుకోండి. సరిపోతే చింపేసి మళ్లీ రాయండి. ఏ బొమ్మ, ఏ ఏడు, ఏ గోడ మీద. ఏ పుస్తకం, ఏ సంగతి తవ్వి తీసింది. ఇవి చాలు.

చరిత్ర దగ్గర మరీ జాగ్రత్త. పింగళి వెంకయ్యగారి మీద పనిచేసిన ఒకరిని సన్మానిస్తున్నారనుకోండి. "నేటి జెండాను ఉన్నదున్నట్టు గీసిన పింగళి" అని రాస్తే సభలో ఉన్న చరిత్రకారుడికి తలవంపు. ఆయన 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీకి జెండా నమూనా ఇచ్చారు. రంగులు కాషాయం, తెలుపు, ఆకుపచ్చగా కుదిరింది 1931లో. రాట్నం స్థానంలో అశోక చక్రం వచ్చిన జెండాను రాజ్యాంగ సభ ఆమోదించింది 1947 జూలై 22న. ఇంత చెప్పినా పింగళి గొప్పతనం వీసమెత్తు తగ్గదు. అలాగే ఒక చీటీ మీద ఇవి రాసి వక్తలందరికీ ఇవ్వండి: ఆమోదం 1949 నవంబరు 26, సంతకాలు 1950 జనవరి 24, అమలు 1950 జనవరి 26. రాజ్యాంగ సభకు అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్, ముసాయిదా కమిటీకి అధ్యక్షుడు అంబేడ్కర్. ఈ రెండింటినీ కలిపేయని సభ నేను అరుదుగా చూశాను.

చరిత్రకారులకు శాలువా కన్నా...

వాళ్ల పుస్తకం కొనండి. జిల్లా చరిత్రలు రాసేవాళ్లలో చాలామంది సొంత డబ్బుతో అచ్చువేయించి, కట్టలు అటక మీద పెట్టుకుని ఉంటారు. పాతిక ప్రతులు పూర్తి ధరకు కొని హైస్కూలు లైబ్రరీలకు ఇవ్వండి. డిస్కౌంటు అడగొద్దు. వేదిక మీద ప్రశ్నలు అడగడానికి ఆ పుస్తకం చదివిన మనిషినే కూర్చోబెట్టండి, హోదా ఉన్న మనిషిని కాదు. మన రాజ్యాంగం ఎలా తయారైందో వివరంగా రాసిన అమెరికన్ చరిత్రకారుడు గ్రాన్‌విల్ ఆస్టిన్ పుస్తకం 1966లో వచ్చింది, పద్మశ్రీ 2011లో వచ్చింది. మన ఊరి రచయితలు చాలామంది డెబ్బై దాటినవాళ్లే, అంత ఆగే వీలు మనకు లేదు.

పిల్లలతో ఏదైనా చేయించాలంటే ఫ్యాన్సీ డ్రెస్సు వద్దు. రాజ్యాంగ సభ చర్చలు పూర్తిగా దొరుకుతున్నాయి. వాటినే సంభాషణలుగా మలిచి అల్వాల్‌వాడైన శ్యామ్ బెనెగల్ 2014లో పది భాగాల టీవీ ధారావాహిక తీశారు. మనం పది నిమిషాలు చేయలేమా? మా పక్కనే ఉన్న నిడుబ్రోలు ఎన్.జి. రంగాగారిది. ఈ దేశంలో అసలైన మైనారిటీలు సామాన్య జనమేనని 1946 డిసెంబరులో ఆ సభలో ఆయన వాదించారు. దుర్గాబాయి ఉన్నారు, ముసాయిదా కమిటీలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. ఒక ప్రసంగంలో ఒక పేరా తెలుగు చేయించి, తొమ్మిదో తరగతి పిల్ల గట్టిగా చదివితే హాలు నిశ్శబ్దమవుతుంది. ఆ అనువాదం చేసిన మాస్టారి పేరు కూడా ప్రకటించండి.

డబ్బు

రాయ్‌జాదాగారు డబ్బు వద్దన్నారు కదా అని మన కోశాధికారులు సంతోషిస్తారు. వద్దనే హక్కు ఆయనది, ఇవ్వకపోయే హక్కు మనది కాదు. ఎంత ఇస్తామో పిలిచేటప్పుడే ఫోనులో చెప్పండి. "మీ మర్యాద మేం చూసుకుంటాం" అనే మాటకు అర్థం లేదు. దారి ఖర్చులు విడిగా. బుర్రకథ అంటే ఒక్కరు కాదు, కథకుడు, ఇద్దరు వంతలు. ముగ్గురికీ లెక్క కట్టాలి, ప్రదర్శనకు ఇచ్చేది వేరు, సన్మానానికి ఇచ్చేది వేరు. కవరు వేదిక మీద కాకుండా లోపల ఇవ్వండి. డబ్బెక్కడిదంటే: గేటు ఫ్లెక్సీ ఒకటి తగ్గించండి, బొకేలు మానేయండి. బొకే సాయంత్రానికి కుర్చీ కింద ఉంటుంది.

ఇక సభ నడక. కళాకారుడికి ఇరవై నిమిషాలు ముందు, నాయకుల మాటలు తర్వాత. ఈ క్రమం తిరగబడితే ఆయన మైకు అందుకునేసరికి జనం భోజనాల దగ్గర ఉంటారు. పెద్దవయసువాళ్లయితే మెట్లున్న వేదిక మానేసి కిందే కుర్చీ వేయండి. ఆయన భార్యకు లేదా ఆమె భర్తకు మొదటి వరసలో పేరు రాసిన కుర్చీ ఉండాలి.

ప్రదర్శనకు అరువు తెచ్చిన బొమ్మలు, నోటుపుస్తకాలు, పాత ఫొటోలకు తెచ్చినప్పుడే రసీదు ఇవ్వండి. ఫలానా పేజీ చిరిగి ఉంది, ఫలానా మూల మరక ఉంది అని అందులో రాసుకోండి. సభ అయ్యాక రెండు అట్టల మధ్య పెట్టి ఆ రాత్రే ఇంటికి చేర్చండి, రసీదు వెనక్కి తీసుకోండి. నోటుపుస్తకాలను ఇచ్చే ముందు, వాళ్లు ఒప్పుకుంటే, ప్రతి పేజీ ఫోనుతో ఫొటో తీసి ఒక పెన్‌డ్రైవు వాళ్లకి, ఒకటి శాఖా గ్రంథాలయానికి ఇవ్వండి.