వానలు మొదలయ్యేలోపే జిరాక్స్ మిషన్ సంగతి చూసుకోండి

వానాకాలంలో కాపీ మసకగా వస్తే చాలామంది చెయ్యి ముందు నలుపు పెంచే డెన్సిటీ బటన్ మీదకే పోతుంది. దాని జోలికి చివర్లో వెళ్లండి. చాలాసార్లు తప్పు టోనర్‌ది (అచ్చు వేసే నల్ల పొడిది) కాదు, చెమ్మది.

ఆఫీసుల్లో వాడే పెద్ద మిషన్లలో ఎక్కువ భాగం టోనర్‌ను క్యారియర్ అనే సన్నటి అయస్కాంత రజనుతో కలిపి తిప్పుతాయి. ఆ రాపిడికే టోనర్‌కు చార్జ్ ఎక్కుతుంది. టోనర్ తగ్గేకొద్దీ మిశ్రమంలో క్యారియర్ పాలు పెరుగుతుంది. మిశ్రమంలో టోనర్ పాలు కొలిచే టీసీ సెన్సర్ ఆ తేడా పసిగట్టగానే మోటారు తిరిగి, కొత్త టోనర్ కాస్త పడుతుంది. అది చాలదన్నట్టు, టోనర్‌తో బొమ్మ ఏర్పడే డ్రమ్ మీదో బెల్ట్ మీదో మిషనే చిన్న నల్ల పట్టీ వేసుకుని, దాని మీద ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేసి, తిరిగొచ్చినదాన్ని కొలుచుకుంటుంది.

గాలిలో తేమ పెరిగితే ఈ లెక్క తప్పుతుంది. చార్జ్ తగ్గిన టోనర్ పట్టు సడలి, ఉండకూడని చోట కూడా అంటుకుంటుంది. తెల్లగా ఉండాల్సిన చోట బూడిద రంగు కమ్ముతుంది, లోపలంతా పొడి రాలుతుంది. చెమ్మ కాగితానికి పడితే మాత్రం కథ తిరగబడుతుంది. డ్రమ్ మీద బొమ్మ చక్కగానే ఉంటుంది, కాగితం మీదకే సరిగా దిగదు. నల్లటి భాగాలు మచ్చలుమచ్చలుగా వస్తాయి. అప్పుడు డెన్సిటీ పెంచితే టోనర్ దండగ.

కాబట్టి ముందు కొత్త ప్యాకెట్ విప్పి అదే పేజీ మళ్లీ తీయండి. బాగా వచ్చిందా, ఇక మిషన్ని వదిలేయండి. ట్రేలో ఆ పూటకు సరిపడా కాగితమే పెట్టండి, మిగతాది ప్యాకెట్‌లోనే చుట్టి ఉంచండి. కొన్ని మిషన్లకు చెమ్మ పట్టకుండా లోపల హీటర్ ఉంటుంది. మిషన్ మీది స్విచ్ ఆపినా, ప్లగ్‌కు కరెంటు ఉంటే అది పనిచేస్తుంది. రాత్రిళ్లు ప్లగ్ పీకే అలవాటు మానుకోండి (ఉరుములూ మెరుపులూ ఉన్న రాత్రి సంగతి వేరు).

వానలకు ముందు సర్వీస్ చేయించి, పట్టీని చదివే సెన్సర్ అద్దం తుడిపించండి. డెవలపర్ (టోనర్, క్యారియర్ కలిసిన ఆ మిశ్రమం) మార్చకుండా టీసీ సెన్సర్‌ను రీసెట్ చేస్తానంటే ఒప్పుకోకండి. అప్పటికి లోపల టోనర్ ఎక్కువైపోయి ఉంటే, ఆ ఎక్కువే సరైన కొలత అనుకుంటుంది మిషన్.

రాలిన టోనర్‌ను ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌తో లాగకండి, ఆ సన్నటి పొడి ఫిల్టర్ దాటి గదంతా పరుచుకుంటుంది. గుడ్డతో తుడవండి. చేతులు చన్నీళ్లతోనే కడగండి.