రికర్షన్ జవాబు ‘నన్’ అని వస్తోందా? రిటర్న్ చూశారా?

విశాఖ మద్దిలపాలెంలో ఇంజినీరింగ్ పిల్లలకి ల్యాబ్ పరీక్షల ముందు పైథాన్ చెబుతుంటాను. రికర్షన్ (ఫంక్షన్ తనని తానే మళ్లీ పిలవడం, అంటే కాల్ చేయడం) రావట్లేదని ల్యాప్‌టాప్ తెచ్చేవాళ్లలో చాలామంది చూడాల్సిన లైన్ తప్ప అన్నీ చూసి వస్తారు.

సమస్య: రికర్షన్ ఎర్రర్‌తో ఆగిపోతోంది

బేస్ కేస్ (ఇక పిలవకుండా ఆగే చోటు) లేదు, లేదా అక్కడికి చేరట్లేదు. సున్నా అయితే ఆగమని రాసి, ప్రతిసారీ 2 తగ్గిస్తే, 7తో మొదలైంది 1 దాటి మైనస్ 1కి పోతుంది. ‘సున్నా లేదా అంతకంటే తక్కువ’ అని మార్చి, 1కి కూడా ఏం రావాలో చూసుకోండి. ఒకదాంట్లో ఒకటిగా కాల్స్ 1000 లోతుకి చేరితే పైథాన్ మామూలుగా ఆపేస్తుంది. ఆ లిమిట్ పెంచితే తప్పు పోదు.

సమస్య: ఎర్రర్ లేదు, జవాబు ‘నన్’ (None, పైథాన్‌లో ‘ఏ విలువా లేదు’ అని)

గ.సా.భా. ప్రోగ్రామే తీసుకోండి. ప్రతి కాల్‌కి రెండో అంకె, భాగిస్తే మిగిలిన శేషం వెళ్తాయి, శేషం సున్నా అయితే ఆగుతుంది. 48, 18 ఇస్తే కాల్స్ వరసగా 18, 12. తర్వాత 12, 6. తర్వాత 6, 0. చివరి కాల్ 6 రిటర్న్ చేస్తుంది, అంటే తనని పిలిచినవాళ్లకి వెనక్కి ఇస్తుంది. లోపల ప్రింట్ పెడితే 6 కనిపిస్తుంది. బయట మాత్రం ‘నన్’. టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే.

కారణం: ఫంక్షన్ తనని తాను పిలిచిన లైన్ ముందు రిటర్న్ లేదు. ఫిషింగ్ హార్బర్‌లో బోటులోంచి చేపల బుట్ట చేతులు మారుతూ ఒడ్డుకొస్తుంది కదా, మధ్యలో ఒక్కరు తన దగ్గరే పెట్టేసుకుంటే ఒడ్డున ఉన్నవాడికి ఏమీ అందదు. చివరి కాల్ బుట్ట ఇచ్చింది, మధ్యవాళ్లు అందించలేదు. 18, 0 ఇచ్చి టెస్ట్ చేస్తే ఇది దొరకదు, 18 సరిగ్గానే వస్తుంది. మధ్యలో ఎవరూ లేరు కాబట్టి. కనీసం రెండు మూడు కాల్స్ పడే అంకెలు ఇవ్వండి.

సీ (C) భాషలో ఇది ఇంకా ప్రమాదం. రిటర్న్ మరిచినా ఒక్కోసారి సరైన జవాబే వస్తుంది, భాష మాత్రం ఏ హామీ ఇవ్వదు. నా సిస్టమ్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రామ్ ల్యాబ్‌లో చెత్త విలువ ఇచ్చి, ఒక మధ్యాహ్నమంతా పోయింది. అప్పటినుంచి కంపైలర్ వార్నింగులన్నీ ఆన్ చేయకుండా సీ ముట్టుకోను.

పైథాన్ పాడైందేమోనని మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. నాకు ఒక్కసారీ అది కారణం కాలేదు.

సమస్య: జవాబు సరే, చాలా ఆలస్యం

ఫిబొనాచి (ముందు రెండూ కలిపితే తర్వాతది వచ్చే అంకెల వరస) 30కి మామూలు రికర్షన్ 26,92,537 కాల్స్ చేస్తుంది. లెక్కించిన జవాబులు క్యాష్‌లో (cache, మళ్లీ వాడుకోడానికి దాచే చోటు) దాచండి, ఫంక్షన్ 31 సార్లే నడుస్తుంది.