కొత్తగా గుడ్డుకొచ్చిన పెట్టలు ఒకరోజు పెట్టి రెండ్రోజులు మానేస్తే ఏం చేయాలి?

మాది హనుమకొండ దాటాక పరకాల వెళ్లే దారిలో ఒక ఊరు. పెరట్లో గ్రామప్రియ అనే పెరటి కోళ్ల రకానివి ఆరు పెట్టలున్నాయి. వాటికి ఐదున్నర నెలలు నిండాక, దసరా వెళ్లిన వారానికి తొలి గుడ్డు దొరికింది. నిమ్మకాయ కంటే కాస్త పెద్దది, పెంకు మీద వెంట్రుకంత రక్తపు చార. మర్నాడు ఏమీ లేదు. మూడో రోజు రెండు. ఆ తర్వాత నాలుగు రోజులు గూడు ఖాళీ. టెన్షన్ పట్టలేక టానిక్ సీసా కొనుక్కొచ్చాను. ఎదురింటి పెద్దమ్మ చూసి నవ్వింది. "ఆగు బిడ్డా, అది నిన్నమొన్ననే గుడ్డుకొచ్చింది. గింత తొందరవడితె ఎట్ల?" ఆ సీసా ఇప్పటికీ సగం అలాగే ఉంది.

ముందు అది లోపమో కాదో తేల్చుకోండి

కోడి కడుపులో ఒక గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందులో దాదాపు 20 గంటలు పెంకుకే. అందుకే ఇవాళ ఎనిమిదింటికి పెట్టిన పెట్ట రేపు తొమ్మిదికో పదికో పెడుతుంది. అలా జరుగుతూ జరుగుతూ మధ్యాహ్నం దాటాక ఒకరోజు ఎగ్గొట్టి, మళ్లీ పొద్దున్నే మొదలుపెడుతుంది. కొత్త పెట్టల్లో ఈ లెక్క కుదరడానికి నెలా నెలన్నర పడుతుంది. అప్పటిదాకా రెండు సొనల గుడ్డు, అసలు సొనే లేని బుల్లి గుడ్డు, పెంకు లేని తోలు గుడ్డు ఒకటీ అరా వస్తే భయం లేదు.

గ్రామప్రియ ఐదారు నెలల్లో, అలాంటి పెరటి రకమే అయిన వనరాజా ఆరు నెలల దగ్గర్లో గుడ్డుకొస్తాయి. నాటు పెట్టకు ఆరేడు నెలలు కూడా పట్టవచ్చు. పైగా నాటుది పది పదిహేను పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, అది దాని పద్ధతి. అనుమానముంటే పెట్టను చంకలో పెట్టుకుని తోక కింద రెండు సన్నటి ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూడండి. రెండు వేళ్లు పట్టి, జుట్టు ఎర్రగా ఉంటే గుడ్లు పెడుతున్నట్టే. ఒక్క వేలే పడితే ఇంకా ఆగాలి.

మూడు రోజులు కాపలా కాయండి

ఏ మందు కొనేముందైనా చేయాల్సిన పని ఇదే. మూడు రోజులు మధ్యాహ్నం దాకా పెట్టల్ని బయటికి వదలకండి. లోపలే దాణా, నీళ్లు పెట్టండి. కాళ్లకు ఒక్కోదానికి ఒక్కో రంగు దారం వదులుగా కట్టి, ఏది ఎప్పుడు పెట్టిందో క్యాలెండర్ మీద రాయండి. నేను అలా చేస్తే మూడు రోజుల్లో ఎనిమిది గుడ్లు వచ్చాయి. అంటే పెట్టలు మానలేదు, నాకే దొరకలేదు! వెతికితే, పొయ్యిలోకని పేర్చిన పత్తికట్టె మోపుల వెనక పదకొండు గుడ్లు. నీళ్లలో వేస్తే మూడు పైకి తేలాయి, అవి పారేశాను. ముంగిసలు, పాములు ఎన్ని తిన్నాయో లెక్క లేదు.

గూట్లో నాలుగైదు పెట్టలకు ఒక గుడ్ల పెట్టె చాలు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉండి, కాస్త చీకటిగా, ఎండుగడ్డితో మెత్తగా ఉండాలి. అందులో ఒక చెక్క గుడ్డు వేసి ఉంచితే కొత్తవి చూసి నేర్చుకుంటాయి.

మేత సంగతి

ఇక్కడ తప్పు నాదే. నూకలు, తవుడు, మక్కలు వేసి కడుపు నిండింది కదా అనుకున్నాను. వాటితో కోడికి కొవ్వు పడుతుంది కానీ గుడ్డుకు కావాల్సిన మాంసకృత్తులు, సున్నం చాలవు. ఒక్క పెంకులోనే రెండు గ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. అది మేతలో దొరక్కపోతే కోడి తన ఎముకల్లోంచి తీస్తుంది. గూట్లోనే ఉండే పెట్టకు రోజుకు 100 నుంచి 120 గ్రాముల లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల దాణా) కావాలి. బయట తిరిగి పురుగూ పుట్రా ఏరుకునేదానికి అందులో సగం సరిపోతుంది. నత్తగుల్లల పొడిని వేరే చిప్పలో పెట్టండి, కావాల్సినంత అదే తింటుంది. ఇంట్లో గుడ్డు పెంకులు వేస్తే వేయించి మెత్తగా దంచి వేయండి. పెంకు ఆనవాలు తెలిస్తే గుడ్లు పొడిచి తినడం నేర్చుకుంటాయి. తొలి గుడ్డు రాకముందే లేయర్ దాణా పెట్టకండి, అంత సున్నం పిల్ల పెట్టల కిడ్నీలకు చేటు.

నీళ్లు ఒక్కో పెట్టకు రోజుకు మామూలు రోజుల్లో పావు లీటరు, మన ఎండాకాలంలో దానికి రెట్టింపు. ఒక్కపూట తొట్టి ఎండినా గుడ్లు తగ్గుతాయి.

వెలుతురు

కోడికి 14 గంటలకు పైగా వెలుతురుంటే గుడ్లు బాగా వస్తాయి. డిసెంబరులో మనకు పగలు 11 గంటలే. కావాలంటే తెల్లవారుజామున చిన్న బల్బు వేయండి, వారానికి అరగంట చొప్పున పెంచుతూ. సాయంత్రం వేసి టక్కున ఆర్పితే చీకట్లో దండెం (రాత్రి కూర్చునే కర్ర) ఎక్కలేక తడుముకుంటాయి. ఆరు పెట్టలకు నేనైతే ఈ తంటా పడలేదు.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి?

గుడ్లు ఒక్కసారిగా పడిపోయి, ఆకుపచ్చ రెట్ట వేస్తూ, మెడ తిప్పుతూ ఉంటే కొక్కెర తెగులు (రాణీఖేత్ అనే అంటురోగం) కావచ్చు. ఆలస్యం చేయకుండా పశువుల దవాఖానాకు చెప్పండి. ఒక్క పెట్టే తోక దించి ముక్కుతూ ఉంటే గుడ్డు అడ్డం పడి ఉండొచ్చు. గోరువెచ్చటి నీళ్లలో పావుగంట కూర్చోబెట్టండి, రాకపోతే డాక్టరే దిక్కు. రాత్రి టార్చి వేసి రెక్కల కింద, దండెం సందుల్లో పేలు, గోమార్లు చూడండి. నట్టల మందు వేసినప్పుడు ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో అడిగి తెలుసుకోండి.

మార్గశిరానికి నా క్యాలెండర్ మీద వారానికి 24 గుడ్లు పడ్డాయి. నల్ల దారం కట్టినది మాత్రం పెట్టె ఎక్కనంటే ఎక్కదు, పత్తికట్టె చాటుకే పోతుంది. అక్కడే ఒక పాత గంప పెట్టి గడ్డి పరిచాను.