కయాక్‌కి లంగరు: ఒకసారి బోల్తా పడ్డాక నేర్చుకున్న పద్ధతి

డాలస్ పక్కన లూయిస్‌విల్ లేక్‌లో చేపలు పట్టడానికి 12 అడుగుల కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) కొన్న కొత్తలో, లంగరు గురించి పెద్దగా ఆలోచించలేదు. తాడు తెచ్చి సీటు పక్కనున్న హ్యాండిల్‌కి కట్టేశాను. మార్చి నెల, దక్షిణపు గాలి. దూరంగా ఒక మోటారు బోటు పోయింది. దాని అల వచ్చేసరికి కయాక్ పైకి లేవాలి కదా, తాడు లేవనివ్వలేదు. పక్కకి లాగింది, అంతే, నేను నీళ్లలో ఉన్నాను. ఫోను, రెండు రాడ్లు, ఇంట్లో కట్టిచ్చిన పులిహోర డబ్బా అన్నీ అడుక్కి పోయాయి. టెక్సస్‌లో పెద్దవాళ్లకి లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చాలు, వేసుకోవాలని చట్టం లేదు. ఆ రోజు ఒంటిమీద ఉండబట్టే ఇది రాస్తున్నాను.

లంగరు లాగుడు ఎప్పుడూ కయాక్ ముక్కు మీదో, వెనక కొస మీదో పడాలి. పక్క మీద పడకూడదు. కానీ సీట్లో కూర్చుని ఆ కొసలు అందుకోలేం. ఆ చిక్కు తీర్చేదే ట్రాలీ.

ముక్కు దగ్గర ఒక చిన్న గిలక, వెనక కొస దగ్గర ఒకటి బిగించండి. పారాకార్డ్ (సన్నటి గట్టి నైలాన్ తాడు) ఒక కొసని స్టీలు ఉంగరానికి ముడేసి, ముందు గిలకలోంచి తిప్పి, పక్క పొడుగునా వెనక్కి తెచ్చి, వెనక గిలకలోంచి మళ్లీ ఉంగరం దగ్గరికే తెచ్చి కట్టాలి. 25 అడుగులు పట్టింది నాకు. మధ్యలో జానెడు ఎలాస్టిక్ తాడు కలిపితే వదులు కాదు. ఇప్పుడు పారాకార్డ్ లాగితే ఉంగరం కొస నుంచి కొసకి నడుస్తుంది, పాత బావుల దగ్గర చేద నడిచినట్టే. లంగరు తాడు ఈ ఉంగరంలోంచే నీళ్లలోకి పోతుంది. ఉంగరాన్ని కావలసిన చోట ఆపడానికి సీటు పక్కన ఒక క్లీట్ (తాడుని జారకుండా పట్టి ఉంచే బిళ్ల), లంగరు తాడుకి ఇంకోటి.

డ్రిల్ పెట్టే ముందు లోపల చెయ్యి పెట్టి చూడండి, అక్కడ ఏముందో. నట్టు బిగించడానికి చెయ్యి అందని చోట రివెట్లే గతి. కయాక్ ప్లాస్టిక్‌కి ఏ జిగురూ సరిగ్గా అంటదు. సీలెంట్ రాసి స్క్రూ బిగిస్తే మధ్యలో వాషర్‌లా నలిగి నీటిని ఆపుతుంది, దాని పని అంతవరకే.

లంగరు 3 పౌన్లది చాలు, మడిచే నాలుగు కొక్కాలది. దాని వెనక రెండు మూడడుగుల గొలుసు, తర్వాత తాడు. లోతుకి కనీసం మూడింతలు తాడు వదలాలి, గాలి ఉంటే ఐదింతలు. నిలువుగా లాగితే లంగరు పైకి లేచిపోతుంది, అడ్డంగా లాగితేనే కొక్కెం నేలని పట్టుకుంటుంది. పదడుగుల లోతులో 20 అడుగులు వదిలి, నిలవట్లేదని లంగరుని తిట్టుకున్న రోజులున్నాయి నాకు.

లూయిస్‌విల్ అడుగున మునిగిన చెట్లు చాలా. లంగరు ఇరుక్కోవడం మామూలే. అందుకని గొలుసుని పైనున్న కన్నానికి కట్టను. కొక్కాలు కలిసే అడుగు కన్నానికి కట్టి, కాడ వెంబడి పైకి తెచ్చి, పై కన్నానికి సన్నటి జిప్ టై (వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీ) ఒక్కటి వేస్తాను. ఇరుక్కుంటే ఉంగరాన్ని ముక్కు దగ్గరికి నడిపి, తాడు క్లీట్‌లో బిగించి, లంగరుని దాటిపోయి అవతలి నుంచి తెడ్డు వేస్తాను. టప్పున జిప్ టై తెగుతుంది, లంగరు వెనక్కి తిరిగి కొమ్మలోంచి ఊడొస్తుంది. టాకిల్ బాక్సులో పది జిప్ టైలు ఎప్పుడూ ఉంటాయి. మా బావ లావుపాటిది వేసి, "ఇది తెగట్లేదేంట్రా" అని అరగంట లాగాడు. ఆఖరికి తాడే కోయాల్సి వచ్చింది.

తాడు చివర ఫ్లోట్ కట్టండి. ఏదైనా గడబిడ అయితే క్లీట్‌లోంచి తాడు వదిలేసి పోవచ్చు, తర్వాత వచ్చి ఏరుకోవచ్చు. ఆ ఫ్లోట్ ఉంగరంలోంచి దూరుతుందో లేదో ఇంట్లోనే చూసుకోండి. నా మొదటి ఫ్లోట్ లావుగా ఉండి అక్కడే ఇరుక్కుంది. వదిలేద్దామనుకున్న తాడు నన్నే పట్టుకుంది! లైఫ్ జాకెట్‌కి చిన్న కత్తి కూడా ఉండాలి.

మామూలు గాలిలో ఉంగరం వెనక కొసకి నడిపితే గాలి వీపుకి తగులుతుంది, ఎర దూరం పోతుంది. అలలు పెరిగితే ముక్కు వైపుకి మార్చి అలకి ఎదురుగా ఉండండి. వడిగా పారే నీళ్లలో, డ్యామ్ కింద, అసలు లంగరు వేయకండి.

ఈ లేక్‌లో జీబ్రా మసల్స్ ఉన్నాయి, పడవలకి అంటుకుని ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి పాకే చిన్న ఆల్చిప్పలు. వాటి కంటికి ఆనని పిల్లలు తడి తాడులో కూడా బతుకుతాయి. ఒడ్డుకి రాగానే కయాక్‌లో నీళ్లన్నీ వంపేసి, లంగరుకి అంటిన బురద కడిగి, తాడు గరాజ్‌లో విప్పి వారం రోజులు ఆరేస్తాను. ఇంకో చెరువుకి తీసుకెళ్లేది ఆ తర్వాతే.