మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష: చేయించుకోవడం, అర్థం చేసుకోవడం

పర్లాకిమిడిలోనైనా, బరంపురంలోనైనా మధుమేహం ఉన్నవారు చక్కెరతో పాటు మూత్రంలో ఆల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తిని (మూత్రపిండాలు దెబ్బతింటే మూత్రంలోకి జారే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను, క్రియాటినిన్ అనే వ్యర్థంతో పోల్చే లెక్కను) కూడా ఏడాదికొకసారి తప్పక చూపించుకోవాలి. ఉదయం లేవగానే వచ్చే మూత్రం ఇవ్వడం మేలు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి ఉన్న రోజుల్లోనూ, ఒళ్లు అలిసేలా పనిచేసిన మరునాడూ ఇవ్వకండి, ఎందుకంటే అప్పుడు లెక్క పెరిగి కనిపిస్తుంది. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఆల్బుమిన్ ఉంటే సాధారణం. అది దాటినా ఒక్క ఫలితంతో బెంగపడక, 3 నుంచి 6 నెలల వ్యవధిలో మూడుసార్లు చేయించుకుని, కనీసం రెండుసార్లు ఎక్కువ వస్తేనే నిర్ధారించుకోవాలి.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో చాలాకాలం ఉండి ఇటు వచ్చినవారికి మాత్రం ఈ ఒక్క పరీక్ష చాలదు. అక్కడ ఎక్కువగా కనిపించే మూత్రపిండ వ్యాధిలో ఆల్బుమిన్ పెద్దగా పోకపోవచ్చు కనుక, రక్తంలో క్రియాటినిన్ చూపించి ఈజీఎఫ్ఆర్ (మూత్రపిండాలు రక్తాన్ని వడపోసే వేగం) లెక్క కట్టించుకోవాలి; అది 60 కంటే తక్కువగా మూడు నెలలకు పైగా నిలిస్తే దీర్ఘకాలిక వ్యాధిగానే పరిగణిస్తారు.

దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్న 4,304 మందితో జరిగి 2020లో వెలువడిన డాపా–సీకేడీ పరిశోధనలో, డాపాగ్లిఫ్లోజిన్ అనే మధుమేహపు మాత్ర వాడినవారికి మూత్రపిండాలు తీవ్రంగా క్షీణించడం, లేదా మూత్రపిండ, గుండె కారణాలతో మరణించడం అనే ఉమ్మడి ముప్పు 39 శాతం తగ్గింది. మధుమేహం లేనివారికీ మేలు కనిపించింది. అయినా ఆ మాత్రను దుకాణంలో అడిగి కొనుక్కోకుండా, ఫలితాలన్నీ వైద్యునికి చూపించాకే మొదలుపెట్టాలి. తొలి వారాల్లో ఈజీఎఫ్ఆర్ కొద్దిగా పడిపోవడం మామూలే కనుక, భయపడి మీ అంతట మీరు మానేయకండి.