సామ్రాజ్యాల ప్రవచనాలు చదవడం దానియేలు 8తో మొదలుపెట్టండి

బైబిల్లో సామ్రాజ్యాల ప్రవచనం అనగానే చాలామంది దానియేలు గ్రంథం 7వ అధ్యాయంలోని నాలుగు మృగాల దగ్గరికో, ఏకంగా ప్రకటన గ్రంథానికో వెళ్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ముందు 8వ అధ్యాయం తీయండి. అందులో గుర్తుల అర్థం వాక్యమే చెబుతుంది: రెండు కొమ్ముల పొట్టేలు మాదీయ పారసీక రాజులు (20వ వచనం), మేకపోతు గ్రేకుల రాజు (21).

కాగితం మీద మూడు గళ్లు గీయండి: గుర్తు, దానికి వాక్యమే ఇచ్చిన అర్థం, చరిత్ర. రెండో గడికి వాక్యంలో ఏమీ దొరక్కపోతే ఖాళీగానే వదిలేయండి. మన ఊహకు అక్కడ చోటు లేదు.

పొట్టేలుతో మొదలుపెడదాం. ఒక కొమ్ము రెండోదానికంటే ఎత్తు, ఎత్తైనది తర్వాత మొలిచింది (3). మాదీయులు ముందు బలపడ్డారు, క్రీ.పూ. 550లో పారసీక రాజు కోరెషు మాదీయ రాజును ఓడించాక పారసీకులది పైచేయి అయింది. పొట్టేలు పొడిచిన దిక్కులు పడమర, ఉత్తరం, దక్షిణం (4). బబులోను 539లో, ఐగుప్తు 525లో పడిపోయాయి. మరి తూర్పు? పారసీకులు సింధు దాకా కూడా వెళ్లారు, దర్శనం మాత్రం ఆ ఊసెత్తదు. ప్రతి చిన్న వివరానికీ ఒక సంఘటనను అతికించబోతే ఇలాంటి చోటే బోల్తా పడతాం.

మేకపోతు పడమటి నుంచి, కాలు నేల తగలకుండా వస్తుంది (5). అలెగ్జాండర్ 334లో ఆసియాలో అడుగుపెట్టి, 331లో గౌగమేల దగ్గర పారసీక రాజు దారయవేషును ఓడించాడు. 323లో, 32 ఏళ్లకే, బబులోనులో చనిపోయాడు: బలంగా ఉన్నప్పుడే విరిగిన కొమ్ము (8). తర్వాతి నాలుగు కొమ్ములను మామూలుగా అతని రాజ్యాన్ని పంచుకున్న కస్సాండర్, లిసిమాకస్, సెల్యూకస్, టాలమీలుగా చెబుతారు. రాజు పోయిన మర్నాడే రాజ్యం నాలుగు ముక్కలైందని మాత్రం చెప్పకండి. 301లో ఇప్సస్ యుద్ధం దాకా సేనానులు కొట్టుకుంటూనే ఉన్నారు.

ఆ నాలుగింటిలో ఒకదాని నుంచి మొలిచే చిన్న కొమ్ము (9) సెల్యూకస్ వంశపు నాలుగో అంతియొకస్ అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. 167లో యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేశాడు, 164లో యూదులు దాన్ని మళ్లీ ప్రతిష్ఠించుకున్నారు. 14వ వచనంలోని 2,300 సాయంకాల ప్రాతఃకాలాలను కొందరు 2,300 రోజులంటారు, కొందరు పూటలుగా లెక్కపెట్టి 1,150 రోజులంటారు. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు రోజును సంవత్సరంగా తీసుకుని, క్రీ.పూ. 457 నుంచి లెక్కించి, 1844 అక్టోబరు 22న క్రీస్తు వస్తాడని ఎదురుచూశారు. కూడిక సరిగానే ఉంది. కానీ రోజు అంటే సంవత్సరమని 8వ అధ్యాయం చెప్పదు. లెక్క మొదలెట్టిన తేదీ 9వ అధ్యాయం నుంచి తెచ్చుకున్నది.

ఇప్పుడు 2, 7 అధ్యాయాలకు వెళ్లండి. 2లో నాలుగు రాజ్యాలను ఒక ప్రతిమలోని భాగాలుగా, 7లో నాలుగు మృగాలుగా చూస్తాం. ప్రతిమలో ఎవరో తేల్చి చెప్పింది బంగారు తల ఒక్కటే: బబులోను రాజు నెబుకద్నెజరు (2:38). నాలుగో రాజ్యం రోమా అన్నది సంఘాల్లో పాత వాడుక. మాదీయులను, పారసీకులను విడదీసి గ్రీసును నాలుగోదిగా లెక్కపెట్టే పండితులూ చాలామంది. 8వ అధ్యాయం ఆ ఇద్దరినీ ఒకే పొట్టేలుగా చూపడం మొదటివారికి బలం; 7లో నాలుగో మృగం మీద మొలిచే చిన్న కొమ్ము 8లో గ్రేకుల వైపు నుంచి మొలవడం రెండోవారికి బలం. బోధించేటప్పుడు రెండూ చెప్పండి. గ్రంథం క్రీ.పూ. 165 ప్రాంతంలో ఈ రూపం పొందిందని చాలామంది పండితులు అనడానికి ఒక కారణం 11:40–45: అక్కడి రాజు చావు అంతియొకస్ చావుతో కలవదు, కాబట్టి అతను చావకముందే రాసి ఉండాలని వారి వాదన. అది భవిష్యత్తులో రావలసిన రాజు గురించి అని సంప్రదాయ వ్యాఖ్యాతల జవాబు.

అభ్యాసానికి యెహెజ్కేలు 26 తీసుకోండి. సముద్రతీర నగరమైన తూరు మీదికి వచ్చేది 7–11లో నెబుకద్నెజరు ఒక్కడే, 12లో ‘వారు’. ముట్టడికి అతనికి జీతం దక్కలేదని 29:18 ఒప్పుకుంటుంది. సముద్రంలోకి కట్ట వేసి ద్వీప నగరాన్ని పట్టుకున్నది 332లో అలెగ్జాండర్, ఏడు నెలల ముట్టడి తర్వాత. ఇక 14వ వచనం ఆ పట్టణం మళ్లీ కట్టబడదంటుంది. లెబనాన్‌లో సూర్ అనే పేరుతో అక్కడ ఈనాటికీ ఊరుంది. దాన్నీ మూడో గడిలో రాయండి, దాటేయకండి.