పాత లారీకి చెప్పిన ధర న్యాయమేనా? లక్షణం చూసి లెక్క కట్టడం

వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు పాత లారీ కొనేవాళ్లలో చాలామంది డ్రైవర్లే. ఏళ్ల తరబడి స్టీరింగ్ పట్టి కూడబెట్టింది బయానాకు (అడ్వాన్సుకు) పోతుంది, మిగతాది ఫైనాన్స్. అందుకే ధర దగ్గర తప్పు జరగకూడదు. అలాంటి బండ్లు ఇప్పుడు ఎంతకు పోతున్నాయో నలుగురిని అడిగి, ఈ బండిని రోడ్డెక్కించడానికి అయ్యే ఖర్చు అందులోంచి తీసేయండి. మిగిలిందే దాని ధర.

సమస్య: మోడల్ ఒకటే, ఏడాది ఒకటే, రెండు బండ్ల మధ్య లక్షల తేడా

కారణం చాలావరకు మోసిన లోడే. ఎనుమాముల మార్కెట్ నుంచి పత్తి తోలిన బండికి బరువు కన్నా ముందు జాగా నిండిపోతుంది. భూపాలపల్లి, రామగుండం ఓపెన్‌కాస్టుల్లో (పైనుంచి తవ్వే బొగ్గు గనుల్లో) తిరిగిన టిప్పర్ అలా కాదు. రోజంతా ఫస్ట్, సెకండ్ గేర్లలో ఎత్తు ఎక్కుతూ దుమ్ము పీలుస్తుంది. దాని మీటర్‌లో కిలోమీటర్లు తక్కువే కనిపిస్తాయి కానీ ఇంజిన్ తిరిగిన గంటలు చాలా ఎక్కువ. గోదావరి ఇసుక తోలిన బండికి తడి కారి కారి తొట్టి అడుగు, దాని కింది ఫ్రేమ్ తుప్పు పడతాయి. గ్రానైట్ రాయి ఒక్కచోటే బరువు మోపి ఛాసిస్‌ను (బండిని మోసే ఇనుప చట్రాన్ని) దెబ్బతీస్తుంది.

పరిష్కారం: బండి కిందికి టార్చితో దూరండి. కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగ్ పట్టీలు) బిగించే బ్రాకెట్ల దగ్గర, అడ్డపట్టీలు కలిసే చోట వెల్డింగ్ గుర్తులు వెతకండి. బండంతా పాతగా ఉండి ఛాసిస్‌కు మాత్రం కొత్త రంగు వేసి ఉంటే అక్కడ గీకి చూడండి. ఛాసిస్ పొడవు పట్టీలకే పగులు వచ్చి అతికించి ఉంటే, ఎంత తగ్గించినా నేనైతే వద్దనే అంటాను. కమాన్లలో అదనపు పట్టీలు ఉంటే ఓవర్‌లోడ్ తోలారని అర్థం.

తర్వాత ఖాళీ బండిని ధర్మకాంట (బండ్లు తూచే కాటా) ఎక్కించండి. ఈ చిన్న పని చాలామంది చేయరు. ఆర్సీలో రాసిన ఖాళీ బరువు కన్నా ఒక టన్ను ఎక్కువ తూగిందంటే బాడీకో ఛాసిస్‌కో ఇనుము చేర్చారు. పది టైర్ల లారీకి బండి, లోడు కలిపి మొత్తం బరువు పరిమితిని 2018లో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచారు (మీ బండికి వర్తించే అంకె ఆర్సీలోనే ఉంటుంది). పరిమితి ఎంతున్నా, ఆ అదనపు టన్ను ప్రతి ట్రిప్పులో మీ కిరాయి తినేస్తుంది.

సమస్య: నంబర్ ఒక ఏడాది చెబుతుంది, అమ్మేవాళ్లు ఇంకోటి చెబుతారు

ఏపీ 36 అంటే పాత వరంగల్ నంబర్, తెలంగాణ రాకముందుది. అలాంటి నంబరున్న బండిని 2016 మోడల్ అంటే నమ్మొద్దు. దీనికి తిరగబడ్డ కేసు కూడా ఉంటుంది: తెలంగాణ వచ్చాక ఇచ్చిన టీఎస్ 03 నంబర్ ఉన్నా, వేరే రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) మీద తెచ్చి ఇక్కడ రిజిస్టర్ చేసిన పాత బండి కావచ్చు. ఆర్సీలో తయారైన నెల, ఏడాది చూసి దానికే ధర కట్టండి. ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ మీరే రుద్ది చదివి సరిపోల్చండి. ఇంజిన్ మార్చి ఆర్సీలో ఎక్కించకపోతే, ఆ పని అమ్మేవాళ్లే పూర్తిచేసి ఇవ్వాలి.

సమస్య: పొగ

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. మీరు వెళ్లేసరికే వేడి చేసి ఉంచితే మరుసటి రోజు మళ్లీ వస్తానని చెప్పండి.

నల్ల పొగ వస్తే కారణం మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ కావచ్చు, ఇంజెక్టర్లు లేదా టర్బో కావచ్చు. ఫిల్టర్ అయితే ఖర్చు చిన్నది, భయపడక్కర్లేదు. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగక, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత జాగ్రత్తగా తీయండి. గాలి బలంగా ఎగదన్నితే బ్యాక్ కంప్రెషన్, అంటే రింగులు, లైనర్లు అరిగాయి. అప్పుడు బేరం ఆపి, మీకు తెలిసిన మేస్త్రీతో ఇంజిన్ పనికి రాతపూర్వకంగా అంచనా తీసుకోండి. బండి షెడ్డులో ఉన్నన్ని రోజుల కిస్తీ కూడా ఆ అంచనాలో కలపాలి.

2020 ఏప్రిల్ తర్వాత అమ్మిన బీఎస్ 6 (కొత్త కాలుష్య ప్రమాణం) బండ్లలో డెఫ్ లిక్విడ్ (పొగలో కాలుష్యం తగ్గించే ద్రవం) వ్యవస్థ ఉంటుంది. డాష్‌బోర్డు మీద ఆ లైటు వెలుగుతూ, ఎత్తులో బండి లాగకపోతే "సెన్సారే" అన్న మాటకు తలూపకండి. స్కానర్ పెట్టించి, అందులో వచ్చిన పార్టుల ధర తీసేయండి.

సమస్య: టైర్లు కొత్తగా ఉన్నాయి, ధర కూడా ఎక్కువ చెబుతున్నారు

రీబటన్ టైరుకు, అంటే అరిగిన టైరుకు పైన కొత్త రబ్బరు అతికించిన దానికి, కొత్త టైరు ధర కట్టకండి. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2321 అంటే 2021లో 23వ వారం. ముందు టైర్లు ఒకవైపే అరిగితే అలైన్‌మెంట్, కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే పిన్), లేదంటే వంగిన యాక్సిల్. ఈ మూడింటి ఖర్చుకు పోలికే లేదు కాబట్టి ఏదో తేల్చుకున్నాకే అంకె చెప్పండి.

సమస్య: ధర మరీ తక్కువగా ఉంది

కాగితాలు చూడండి. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి, బండి బాగా పాతబడితే ఆ ఫీజు కూడా పెరుగుతుంది. త్రైమాసిక పన్ను, చలాన్లు, పర్మిట్, ఇన్సూరెన్స్ బకాయిలన్నీ కూడి ధరలోంచి తీసేయండి. ఫైనాన్స్ తీరిందన్న మాట చాలదు. ఫైనాన్స్ కంపెనీ ఎన్‌ఓసీ, ఆర్సీలోంచి ఫైనాన్స్ తీయించడానికి సంతకం చేసిన ఫారం 35 చేతికి రావాలి. పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి.

సమస్య: "ఇన్సూరెన్సులోనే ఇంత విలువ రాసి ఉంది" అంటున్నారు

ఐదేళ్లు దాటిన బండికి ఆ విలువ కంపెనీ, యజమాని మాట్లాడుకుని రాసుకునేది. బేరంలో దాన్ని సాక్ష్యంగా ఒప్పుకోవద్దు.

లెక్క ఇలా వేయండి. అలాంటి బండ్లు 12 లక్షలకు పోతున్నాయనుకుందాం. టైర్లకు 90 వేలు, ఇంజిన్ పనికి 1.6 లక్షలు, ఎఫ్‌సీ, పన్ను బకాయిలకు 50 వేలు అయితే మొత్తం 3 లక్షలు. మీరు ఇవ్వాల్సింది 9 లక్షలు. ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టి మాట్లాడండి. బయానా రసీదులో ఛాసిస్ నంబర్, ఎవరు ఏ బకాయి కట్టాలి, ఏ తేదీలోగా అన్నది రాయించుకుని సంతకం తీసుకున్నాకే డబ్బు ఇవ్వండి.